దొరసాని పిలిచిన గువ్వ

రంగమ్మ అబద్ధమాడుతోందని నాకు ముందు చెప్పింది నా ముక్కే. నర్సింగ్ హోం వెనకాల గదిని బకెట్లకొద్దీ ఫినాయిలు పోసి కడిగారు. ఆ ఫినాయిలును తోసుకుంటూ కింద నుంచి ఇంకో వాసన వస్తోంది. పసిబిడ్డ ఉచ్చగుడ్డల వాసన. కాన్పులు జరిగే చోట అదేం వింత కాదు. కానీ రోశమ్మ తర్వాత ఇక్కడ ఇంకో కాన్పు జరగలేదని, రోశమ్మ బిడ్డ చచ్చి పుట్టిందని పోలీసులకు చెప్పింది ఈ రంగమ్మే. చచ్చిన బిడ్డ గుడ్డలు తడపదు గదా.

నా పేరు ఎలీషబా. ఊరు దొనకొండ. పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారుల మొహాలు చూడబుద్ధి కాక మానేసి, మార్కాపురంలో ఒక పలకల దుకాణం పైన గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఎక్కువమంది పెళ్లికొడుకు గుణగణాలు కనుక్కురమ్మని వస్తారు. మనుషుల మీద సగం అసహ్యం నాకు ఆ పనిలోనే పుట్టింది. మిగతా సగం ఈ కేసుతో పూర్తయింది.

రోశమ్మది పెద్దారవీడు అవతల కొండ కింద పల్లె. గొర్రెల మీద బతికే కుటుంబం. ఈ నర్సింగ్ హోంలోనే ఆమెకు కాన్పయింది. ఆడబిడ్డ, చచ్చి పుట్టిందని డాక్టరమ్మ చెప్పి, తెల్లగుడ్డలో చుట్టిన మూట ఆమె చేతిలో పెట్టింది. విప్పి చూస్తే తట్టుకోలేవు, అలాగే పూడ్చేయండి అంది. మొగుడు ఏడ్చుకుంటూ పోయి వాగు గట్టున పూడ్చి వచ్చాడు. రోశమ్మ మాత్రం మర్నాడే, పచ్చి బాలింతరాలు, తలకు గుడ్డ కట్టుకుని నా గది మెట్లెక్కింది. "అక్కా, ఆ మూట నా చేతిలో పెట్టినప్పుడు బిడ్డ వాసన రాలా. గొర్రెపిల్ల వాసన వచ్చింది" అంది. ఆమెకు పిచ్చెక్కిందన్నారు ఊళ్లో. నేను కాళ్లావేళ్లా పడి, అధికారుల ముందు ఆ గుంత తవ్వించాను. మూటలో ఉన్నది నెలలు నిండకుండా పడిపోయిన గొర్రెపిల్ల.

ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు. బిడ్డల్ని ఎత్తుకుపోయేవాళ్లను ఇంతకుముందు చూశాను. తల్లి చేతిలో చచ్చిన జంతువును పెట్టి, పోయి ఏడ్చుకోమని పంపేవాళ్లను చూడటం ఇదే మొదలు.

ఆ గొర్రెపిల్లను తెచ్చిచ్చింది గొర్రెల దళారి అశోక్. వాణ్ణి స్పెషల్ టీం సి.ఐ. ప్రవీణ్ కుమార్ పట్టుకున్నాడు. ఆ మాత్రం పని ఆయన చేశాడని ఒప్పుకుంటాను. డాక్టరమ్మ పరారీ. బిడ్డను కొనుక్కున్నది ఒక విదేశీ ఆడమనిషి అనీ, ఆమె ముందే ఊరు దాటిందనీ, బిడ్డను వెనకాల ఎవరో చేరవేస్తారనీ అశోక్ ఒప్పుకున్నాడు. వాడి ఫోన్లో ఆమె గొంతుతో స్పానిష్ భాషలో ఒక వాయిస్ మెసేజ్ దొరికింది. అశోక్‌కు గొర్రెల బేరం తప్ప ఏ భాషా రాదు. ఎవరికో వినిపించమని పంపింది ఆ మెసేజ్. ఆ ఎవరో మాత్రం వాడు చెప్పి చావడం లేదు.

ఆ ఒక్క మెసేజ్ పట్టుకుని సి.ఐ. నిన్నటి నుంచి రోడ్ల మీద ఉన్నాడు. నేను రోశమ్మను వెంటబెట్టుకుని, ఈ నర్సింగ్ హోంలో ఆయాగా చేసే రంగమ్మ దగ్గరకు వచ్చాను.

"రంగమ్మత్తా, ఈ గది ఎవరిది?"

"నాదేనమ్మా. నేను పండుకునేది ఈడనే."

"నీ గది నువ్వు ఫినాయిలేసి కడుక్కుంటావా?"

"ఎలుక చచ్చింది తల్లీ. కంపు."

"ఎలుకను పోలీసులు చూసినారా?"

"పోలీసులు ముందర గదులు చూసినారు, ఆపరేషన్ గది చూసినారు. ఈ కొంపలోకి ఎవరొస్తారు?"

అదీ సి.ఐ. గారి సోదా! ముందు గదుల్లో అద్దాలు, టైల్స్ ఉన్నాయి కాబట్టి నేరం అక్కడే జరుగుతుందనుకున్నాడు. ఆయా పడుకునే కొంపలోకి తల దూర్చడానికి ఆయన బూట్లు ఒప్పుకోలేదు.

నేను మంచం పక్కకు లాగాను. కింద చీపురు, పాత చెప్పులు, సగం తిన్న బిస్కెట్ పొట్లం. కిటికీ కింద మూలన విరిగిన పలక ముక్క ఒకటి. మార్కాపురంలో పలక ముక్క కనిపిస్తే ఎవరూ వంగి చూడరు. రోడ్డు మీద, గోడల్లో, మురిక్కాలవల్లో, ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. నేను వంగి చూశాను. నల్లటి పలక మీద లేత గోధుమరంగు మరక గుండ్రంగా ఎండిపోయి ఉంది. వేలు తడి చేసి రుద్ది వాసన చూశాను.

"ఇదేంది రంగమ్మత్తా?"

"పలక ముక్కమ్మా. అదొక వింతనా మన ఊర్లో?"

"పలక ముక్కకు వస వాసన ఎట్ల వచ్చింది?"

గుమ్మంలో నిలబడ్డ రోశమ్మ నా చేతిలోంచి ఆ ముక్కను లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వసకొమ్ము అరగదీసి చంటిబిడ్డ నాలుక మీద రాయడం తెలియని తల్లి ఈ చుట్టుపక్కల లేదు.

"ఎవరికి రాసినావు ఇది?" అంది రోశమ్మ. "చచ్చిన నా బిడ్డకు రాసినావా?"

రంగమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది. నేను ఆమెను లేపలేదు. జాలి పడటానికి నా దగ్గర మిగిలినది రోశమ్మకే చాలడం లేదు.

"డబ్బాపాలు పడలేదమ్మా దానికి" అంది రంగమ్మ నేల చూస్తూ. "కడుపుబ్బి క్యారుమని ఒకటే ఏడుపు. నాకు పేగు కదిలింది. అందుకే వస రాసినా. నేను దానికి ఏ చెడుపూ చెయ్యలా."

"తల్లి బతికుండంగా దాచిపెట్టినావు. అది చెడుపు గాదా?"

"డాక్టరమ్మ చెప్పినట్ల చేసినా. ఆమె కాదంటే నాకు కూడు యాడిది?"

"యాడుంది బిడ్డ ఇప్పుడు?"

"ఈ పొద్దు పొద్దున్నే ఒకామె స్కూటీ మీద వచ్చింది. మొగానికంతా చున్నీ చుట్టుకోనింది, కండ్లు తప్ప కనపడలా. బిడ్డను గుడ్డల్లో చుట్టి ఎత్తుకపోయింది. ఎవరో నాకు తెలవదు, నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకు, నీ మీద వేసుకో" అన్నాను. ఇలాంటివాళ్లకు ఒట్టు వేయడానికి ఎప్పుడూ ఎదుటివాడి నెత్తే దొరుకుతుంది. "ఆ కొనుక్కున్నామె గురించి చెప్పు."

రంగమ్మ మొహం కొంచెం తేటపడింది. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

"ఆ దొరసాని మంచిదే తల్లీ. చిల్లీ దేశమంట, మిరపకాయలు బాగా పండుతాయేమో మరి. బిడ్డను చూస్తానే కండ్లనీళ్లు పెట్టుకోనింది. గుండెకు అదుముకోని, 'మీ గువ్వా, మీ గువ్వా' అని ఒకటే ముద్దులు. నాకు నవ్వొచ్చింది. మీ గువ్వ అంటాదేంది, నా గువ్వ గాదు తల్లీ, ఎవరి గువ్వనో అని చెప్దామనుకున్నా."

"ఆమెకు తెలుగొచ్చా?"

"యాడొస్తాది? మంచినీళ్లు కావాలన్నా చేత్తో సైగలే. ఆ ఒక్క ముక్కే తెలుగులో అనింది. డాక్టరమ్మ నేర్పింటాది."

మంచినీళ్లు అనడం నేర్పని డాక్టరమ్మ, గువ్వ అనడం నేర్పిందా? తెలుగులో గువ్వ ఎంత ముద్దయిన మాటో చెప్పి మరీ?

"రంగమ్మత్తా, ఆమె అన్నది అన్నట్టు అను. నీ మాట వద్దు, ఆమె పలికినట్టు పలుకు."

రంగమ్మ గొంతు సవరించుకుని పెదాలు గుండ్రంగా పెట్టింది. "మీ గ్వా... గ్వా. గ్వాగ్వా. ఇట్లనే అనిందమ్మా. దొరల నోట్లో మన మాట అట్ల తిరిగింది."

మన మాట కాదది. ఆ మాట నేను నిన్న విన్నాను. సి.ఐ. తన ఫోన్లో నలుగురి ముందు పదిసార్లు వేసి వినిపించిన మాట. "లా గ్వాగ్వా వా ఎన్ మీక్రో, నో ఎన్ ఆటో." అదీ దొరసాని మెసేజ్ మొత్తం.

సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగింది. సి.ఐ. ప్రవీణ్ కుమార్ లోపలికి వచ్చి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుమ్మం అవతలే నిలబడ్డాడు. మనిషి ఎర్రగా, ఇస్త్రీ నలగకుండా ఉంటాడు. ఒంగోలుకు అవతల, సముద్రం వైపు వాడు. మమ్మల్ని చూస్తే కొండ దిగివచ్చిన కోతుల్ని చూసినట్టు చూస్తాడు.

"మేడమ్, ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని ఇక్కడికి? ఇది పోలీసుల సీన్."

"మీ సీన్‌లో ఈ గది లేదు గదా సార్. నిన్నంతా బిడ్డ ఈ గదిలోనే ఉన్నింది. మీరు ముందర టైల్స్ మీద తిరుగుతా ఉన్నారు."

ఆయన మొహం కందింది. రంగమ్మ వైపు చూశాడు. ఆమె తల ఇంకా దించుకుంది. వస మరక, చున్నీ ఆడమనిషి సంగతి నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఒక క్షణం ఆయన ఆ పలక ముక్క వైపే చూశాడు. ఆ క్షణం నాకు తియ్యగా ఉందని దాచుకోను.

"సరే, దాచారు. తీసుకెళ్లారు. ఊరు దాటాలిగా?" అన్నాడు తేరుకుని. "అన్ని దారుల్లోనూ మావాళ్లున్నారు. ఒక్క మినీ బస్సు కూడా చూడకుండా వదల్లేదు. నిన్న ఒక పెళ్లి బస్సులో పెళ్లికూతుర్ని కూడా దింపి చూశాం."

"మినీ బస్సులేనా?"

"మెసేజ్‌లో ఏముంది మరి? గ్వాగ్వా అంటే బస్సు. ఫోన్లో వెతికినా అదే వచ్చింది, నాగజ్యోతి కూడా అదే చెప్పింది. మీక్రో అంటే చిన్నది. చిన్న బస్సు, అంటే మినీ బస్సు. నో ఎన్ ఆటో. ఆ ముక్కకి తర్జుమా కూడా అక్కర్లేదు, ఆటోలో కాదు అని."

నాగజ్యోతి మార్కాపురం పిల్లే. హైదరాబాదులో స్పానిష్ చదువుకుని వచ్చి, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఎక్కడెక్కడి వాళ్లకో ఆ భాష పాఠాలు చెప్తుంది. మా వైపు ఆ భాష వచ్చిన మనిషి ఇంకెవరూ లేరు. అందుకే సి.ఐ. ఆమెను పిలిపించి మెసేజ్ వినిపించాడు. నిన్న నేనూ చూశాను. కళ్లజోడు సవరించుకుంటూ, బోర్డు ముందు నిలబడ్డ టీచరమ్మలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"సార్, నాదొక అనుమానం" అన్నాను. "గ్వాగ్వా అంటే బస్సు కాదేమో."

సి.ఐ. నవ్వాడు. "మీరు స్పానిష్ ఎప్పుడు నేర్చుకున్నారు?"

"ఇప్పుడే. రంగమ్మత్త నేర్పింది."

"చూడండి, ఆ భాష సంగతి నాకు ఆ అమ్మాయి రెండు గంటలు చెప్పింది. మీరనుకున్నంత తేలిక కాదు. ఒక్కో మాటకి నాలుగైదు అర్థాలు, దేశానికో వాడుక. గాతో అంటే పిల్లి, కారు కింద పెట్టే జాకీని కూడా గాతో అంటారు. మున్యేకా అంటే ఆడుకునే బొమ్మ, చేతి మణికట్టు కూడా అదే. యావే అంటే తాళంచెవి, కొన్ని దేశాల్లో కుళాయి. పాపా అంటే..."

పాప అన్న మాట వినగానే రోశమ్మ చప్పున తలెత్తింది.

"...బంగాళాదుంప" అని పూర్తి చేశాడాయన.

రోశమ్మ తల మళ్లీ దించుకుంది. ఆ మనిషి అదేం గమనించలేదు. పసిబిడ్డ పోయిన తల్లి ఎదురుగా నిలబడి బంగాళాదుంపల పాఠం చెప్పేవాణ్ణి ఏమనాలో నాకు ఏ భాషలోనూ మాట దొరకలేదు.

"ఒక్కో మాటకు అన్ని అర్థాలుంటే, మీరు ఒకటే పట్టుకోని ఎట్ల కూర్చున్నారు సార్?" అన్నాను. "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు."

"నేను పట్టుకోలేదు. చదువుకున్న అమ్మాయి చెప్పింది."

"మీ ఊర్లో నాయనా అని ఎవర్ని పిలుస్తారు?"

"అదేం ప్రశ్న?"

"చెప్పండి."

"చంటిపిల్లల్ని. ముద్దుగా. రా నాయనా, తిను నాయనా అంటాం."

"మా దగ్గర నాయన అంటే తండ్రి. మా నాయన పోయినాడని ఒకడు ఏడ్చినాడనుకోండి, మీరు వచ్చి ఏ పిల్లోడు పోయినాడని వెతుకుతారు. ఒక్క జిల్లాలోనే, ఈ కొసకూ ఆ కొసకూ తండ్రి బిడ్డవుతున్నాడు. అన్ని దేశాల్లో మాట్లాడే భాషలో బస్సు బిడ్డ కాగూడదా?"

నేను ఆపలేదు.

"దొరసాని ఈ గదిలో బిడ్డను ఎత్తుకోని 'మీ గ్వాగ్వా' అని ముద్దు పెట్టింది. మీ అంటే మనకు మీది. ఆమెకు నాది, ఇంగ్లీషులో మై అన్నట్టు. నా బిడ్డ, నా బిడ్డ అని ఏడ్చింది. బస్సును గుండెకు అదుముకోని ఏడ్చే ఆడది ఏ దేశంలోనూ ఉండదు సార్."

రోశమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. తన బిడ్డను ఇంకొకతె నాది నాది అని ముద్దు పెట్టుకున్న మాట, ఆమె ముందే అంత పచ్చిగా అనాల్సింది కాదు. నాకు ఆ గదిలో గెలుపు కావాలి. ఆ తొందరలో అనేశాను.

సి.ఐ.కి పంతం వచ్చింది. "ఉండండి. ఆ అమ్మాయినే అడుగుదాం. మీ ఆయా చెప్పింది నిజమో, చదువుకున్న పిల్ల చెప్పింది నిజమో ఇప్పుడే తేలుతుంది" అని ఫోన్ తీసి నాగజ్యోతికి కలిపాడు. అందరికీ వినపడాలని స్పీకర్ పెట్టాడు.

రెండోసారి చేస్తేగానీ ఎత్తలేదు. వెనక ఏదో ఇంజను హోరు.

"చెప్పండి సార్."

"నాగజ్యోతీ, గ్వాగ్వా అంటే ఏంటో ఒకసారి చెప్పమ్మా. ఇక్కడ ఎలీషబా గారికి అనుమానంగా ఉందట."

"బస్సే సార్. కానరీ దీవుల్లో, క్యూబాలో, అక్కడంతా బస్సును గ్వాగ్వా అంటారు. చెప్పినా గదా మీకు."

సి.ఐ. నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. నాకు ఒళ్లు చిర్రెత్తింది. ఆ పిల్ల తెలిసీ తెలియని చదువుతో తప్పు చెప్పిందని, ఆ తప్పును అందరి ముందూ ఆమె నోటితోనే ఒప్పించాలని నాకు పట్టుదల పుట్టింది. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది అంతే. ముందుకు వంగి ఫోన్ దగ్గర నోరు పెట్టాను.

"అమ్మాయ్, నేను ఎలీషబాను. క్యూబా సంగతి సరే. ఆ దొరసానిది చిలీ దేశం గదా. చిలీలో బస్సును ఏమంటారు?"

"చిలీలోనా అక్కా? ఆడ మామూలు బస్సును మీక్రో అంటా..."

మాట సగంలో తెగిపోయింది. పాఠం చెప్పే అలవాటు నాలుకను తోసింది, తెలివి వెనకనుంచి వచ్చి పట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

మీక్రో అంటే చిన్నది అని సి.ఐ.కి చెప్పిన నోరే అది. చిలీ వాళ్ల మీక్రో మామూలు బస్సని ఆమెకు ముందే తెలుసు. తెలిసే మినీ బస్సు అని తర్జుమా చేసింది. అశోక్ ఆ మెసేజ్‌ను వినిపించాల్సింది ఈ నాగజ్యోతికేనని అప్పుడు నాకు అర్థమైంది. బిడ్డ బస్సులో వస్తుంది, ఆటోలో కాదు. ఆ దేశంలో మన మూడు చక్రాల బండ్లు ఎక్కడివి? వాళ్ల ఆటో అంటే కారు. కార్లన్నీ పోలీసులు ఆపి చూస్తారు కాబట్టి మామూలు బస్సులో తెమ్మని దొరసాని చెప్పింది. సి.ఐ. గారు మినీ బస్సులు ఆపి పెళ్లికూతుళ్లను దింపుతూ, ఆర్టీసీ బస్సులన్నిటికీ దారి వదిలారు.

ఫోన్ ఇంకా కట్ కాలేదు. నాగజ్యోతి ఊపిరి వినిపిస్తోంది. వెనక ఒక మగగొంతు, "దోర్నాలలో ఎక్కినోళ్లు టికెట్లు, టికెట్లు" అంటోంది. ఆ వెంటనే, ఫోనుకు చాలా దగ్గరగా, ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

రోశమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది. రెండు చేతులూ రొమ్ముల మీద పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి రవిక తడిసి, ఆ తడి కింది దాకా పాకింది. పాలు ఇంకిపోవడానికి మాత్రలు మింగించి పంపారు ఆమెను, ఈ నర్సింగ్ హోంలోనే. మింగించిన చేతులు రంగమ్మవే అయ్యుంటాయి.

"నా బిడ్డే" అంది రోశమ్మ. "అక్కా, అది నా బిడ్డే ఏడ్చేది."

పచ్చి బాలింతకు ఏ బిడ్డ ఏడుపు విన్నా పాలు చేపుతాయి. ఏ కోర్టూ దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. ఆ గదిలో ఎవరికీ కోర్టు అవసరం లేకపోయింది. రంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫోన్ కట్ అయింది. సి.ఐ. మళ్లీ చేశాడు. స్విచ్ ఆఫ్. ఇంకోసారి చేశాడు. స్విచ్ ఆఫ్. ముక్కుకు అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు ఎప్పుడో జారిపోయింది. గుమ్మం దాటి రానన్న మనిషి వచ్చి రంగమ్మ మంచం మీద కూర్చున్నాడు.

"పొద్దున బస్టాండులో కనపడింది" అన్నాడు. "మా అక్క బిడ్డ సార్, శ్రీశైలంలో మొక్కుంది అంది. బస్సు నిండా జనం. డ్రైవర్ వెనక సీటు నేనే ఖాళీ చేయించాను. చేతిలో బ్యాగు ఉంది కదా అని, ఆమె ఎక్కేదాకా..."

"ఆమె ఎక్కేదాకా?"

"బిడ్డని నేనే పట్టుకున్నాను."

ఊరు చుట్టూ పోలీసుల్ని నిలబెట్టి, ఆ బిడ్డ కోసం రోడ్లన్నీ గాలించి, తీరా బిడ్డను తన చేతులతో ఎత్తి బస్సులోకి అందించాడు ఈ మహానుభావుడు. రోశమ్మ ఆయన చేతుల వైపు చూసింది, అంతే. ఆయన ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

"కూర్చుంటే ఎట్ల సార్! బస్సు ఇంకా అడవిలోకి పూర్తిగా పోయుండదు. డిపోకు చెయ్యండి, కండక్టరును పట్టండి" అన్నాను.

డిపో వాళ్లు నంబరు ఇచ్చారు. కండక్టరు వెంటనే ఎత్తాడు. సి.ఐ. తానెవరో చెప్పి, డ్రైవర్ వెనక సీట్లో ఉన్న ఆడమనిషినీ బిడ్డనూ కదలనివ్వొద్దని అరిచాడు.

"అయ్యో సార్, ఆమె ఇప్పుడే దిగిపాయె గదా" అన్నాడు కండక్టరు. "దోర్నాల దాటినాక ఏందో ఫోన్ వచ్చింది ఆమెకు. మాట్లాడతా మాట్లాడతా మొగం తెల్లబోయింది. అంతే, బిడ్డకు బాగలేదు, ఆపండి ఆపండి అని ఒకటే గొడవ. అడవి దారి తల్లీ, ఈడ దిగగూడదు అన్నా ఇన్లా. మా ఎనకాలే కారొకటి వస్తాంది, దానికి చెయ్యెత్తి ఎక్కేసింది."

"ఏం కారు? ఎటెళ్లింది?"

"తెల్ల కారు సార్. మమ్మల్ని దాటుకోని పైకి పోలా. ఎనక్కి తిప్పినాడు, తిప్పి..."

ఘాట్ మొదలైంది. గొంతు ముక్కలు ముక్కలయ్యి, ఆగిపోయింది. సి.ఐ. హలో హలో అని అరుస్తూనే బయటికి పరుగెత్తాడు. దోర్నాలకు, యర్రగొండపాలేనికి, ఎక్కడెక్కడికో కార్లన్నీ ఆపమని చెప్తున్నాడు. ఆ కారులో ఉన్న ఆడదానికి ఇప్పుడు మనకు తెలిసిపోయిందని తెలుసు. బిడ్డ దొరికితే తాను దొరికినట్టేనని తెలుసు. రెండు పక్కలా నల్లమల అడవి, మధ్యలో ఆమె, ఆమె ఒళ్లో నాలుగు రోజుల పసిగుడ్డు. ఆమె ఏం చేస్తుందో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు.

అడగకుండా ఉండాల్సింది. బస్సనే ఒప్పుకుని, సరేనమ్మా అని ఫోన్ పెట్టేసి ఉంటే, ఆమె ఆ సీట్లోనే శ్రీశైలం దాకా కూర్చునేది. దారిలో ఎక్కడైనా చల్లగా బస్సును ఆపించి బిడ్డను దించుకునేవాళ్లం. వెనక ఇంజను హోరు నాకు ముందే వినపడింది. ఎక్కడున్నావు అని అడగాల్సింది. అది వదిలేసి, సి.ఐ. మొహం మాడ్చడానికి చిలీలో ఏమంటారని అడిగాను. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల మీద ఉమ్ముకుంటూ తిరిగిన నా మీద నాకే అసహ్యం వేసింది.

రోశమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. తడిసిన రవిక మీద కొంగు కప్పుకోవడం కూడా ఆమెకు గుర్తు లేదు.

"అక్కా, ఆ మాట ఫోన్లో ఎందుకడిగినావు?"

జీపు దగ్గరికి పోదామని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి విడిపించుకుని, నాకంటే ముందు పోయి జీపులో కూర్చుంది.